నాయన పోయాక బీరువాలో మిగిలిన తుపాకీని ఏం చేయాలి?

దినాలు అయిపోయి చుట్టాలంతా వెళ్లాక అమ్మ బీరువా తాళం నా చేతిలో పెట్టింది. పట్టుచీరల కింద, పాత దుప్పటిలో చుట్టిన 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ. పక్కనే బిస్కెట్ డబ్బాలో తొమ్మిది తూటాలు, నాయన లైసెన్స్ పుస్తకం. "దీన్నేం జేస్తావో జూడు అబ్బయ్యా, దీన్ని జూస్తేనే నాకు గుండె దడ" అంది.

జమ్మలమడుగు వైపు మా ఊళ్లో ఇలాంటి తుపాకీలు ఒకప్పుడు చాలా ఇళ్లలో ఉండేవి. కర్నూలు, అనంతపురంలో కూడా అంతే. పొలం కోసం కొన్నవి కొన్ని, భయంతో కొన్నవి కొన్ని, పది మందిలో గొప్పగా ఉండాలని కొన్నవి కొన్ని. కొన్న తరం ఇప్పుడు ఒక్కొక్కరుగా వెళ్లిపోతోంది. తుపాకీ మాత్రం బీరువాలోనే ఉంటోంది. కొడుకేమో బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసుకుంటూ ఉంటాడు. నిరాయుధీకరణ అంటే పేపర్లో అణుబాంబుల గురించి రాసే మాట అనుకుంటాం గానీ, మనలాంటి ఇళ్లకు అది ఈ బీరువా దగ్గరే మొదలవుతుంది. నేను తిరిగి, తప్పులు చేసి నేర్చుకున్నది వరుసగా చెప్తాను. మీ నాయన దగ్గరో, మామ దగ్గరో లైసెన్స్ తుపాకీ ఉంటే పనికొస్తుంది.

ముందు అసలు విషయం ఒకటి తెలుసుకోండి. లైసెన్స్ అనేది పొలం పాసుపుస్తకం లాంటిది కాదు, వారసత్వంగా దానంతటదే రాదు. అది మనిషికి ఇచ్చింది. ఆ మనిషి పోయిన రోజు నుంచి ఆ లైసెన్స్ కింద ఇంట్లో ఎవరికీ తుపాకీ పెట్టుకునే హక్కు లేదు. "మా నాయనదే కదా, లైసెన్స్ ఇంకా రెండేళ్లు ఉంది కదా" అన్న మాట చట్టం ముందు చెల్లదు. 1959 ఆయుధాల చట్టానికి 2019లో సవరణ చేశాక, లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకుంటే శిక్ష రెండేళ్లకు తగ్గదు, ఐదేళ్ల దాకా పోవచ్చు, పైగా జరిమానా. అంతకుముందు అది ఏడాది నుంచి మూడేళ్లు ఉండేది. టెన్షన్ పెట్టాలని చెప్పడం లేదు. దారి కూడా అదే చట్టంలో ఉంది. 21వ సెక్షన్ ప్రకారం, ఏ కారణం వల్లనైనా సరే ఉంచుకునే హక్కు పోయిన ఆయుధాన్ని అనవసర ఆలస్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న ఆర్మ్స్ డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. డిపాజిట్ చేసినంత మాత్రాన తుపాకీ పోయినట్టు కాదు. దాన్ని తిరిగి తీసుకోవాలా, అమ్మాలా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. చాలామంది ఈ రెండో ముక్క తెలియకే దాచిపెట్టుకుంటారు.

1. మొదటి రోజు: చేయి పెట్టొద్దు

తుపాకీ కనపడగానే బయటికి తీసి గురి చూడటం మగవాళ్లకు ఉండే జబ్బు. మా చిన్నాయన కొడుకు అదే చేయబోయాడు. తూటా లోపల ఉందో లేదో మీకు తెలియదు. డబుల్ బ్యారెల్ అయితే మధ్యలో మడిచి చూడొచ్చు, కానీ అలవాటు లేని చేతికి అది కూడా వద్దు. నాటు మందు కూరే పాత తుపాకీ అయితే ఇంకా ప్రమాదం. గొట్టంలోకి చూసినంత మాత్రాన లోపల మందు ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. ముప్పై ఏళ్ల కిందట కూరి మరిచిపోయిన మందు కూడా ఉండొచ్చు. ఉన్నచోటనే ఉంచి, బీరువాకు తాళం వేసి, తాళం ఒక్కరి దగ్గరే పెట్టుకోండి. ఖాళీ చేసే పని స్టేషన్‌లో తెలిసినవాళ్లు చేస్తారు.

ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. దసరాకు ఆయుధ పూజలో పెట్టి దండ వేయడం, పెళ్లి ఊరేగింపులో గాల్లోకి పేల్చడం, ఇవన్నీ మానుకోండి. సరదా కోసం జనం మధ్య నిర్లక్ష్యంగా కాలిస్తే, లైసెన్స్ ఉన్నవాడికైనా సరే, రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది కూడా 2019లో చేర్చిందే.

2. కాగితాలు కూడబెట్టుకోండి

ఇవి కావాలి: డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మీ ఆధార్, లైసెన్స్ పుస్తకం. డెత్ సర్టిఫికెట్ చేతికి రావడానికి టైం పడుతుంది, దాని కోసం ఆగి నెలలు గడపొద్దు. అప్లై చేసిన రశీదుతోనే స్టేషన్‌కు వెళ్లి చెప్పొచ్చు.

లైసెన్స్ పుస్తకాన్ని మాత్రం తీరిగ్గా కూర్చుని చదవండి. మా నాయన పుస్తకంలో మొదటి పేజీలో ఆయన పడుచు ఫోటో, మీసాలు దువ్వి ఉంది. తర్వాతి పేజీల్లో రెన్యువల్ ముద్రలు, కొన్న తూటాల లెక్క, ప్రతి ఎలక్షన్‌కు తుపాకీని స్టేషన్‌లో డిపాజిట్ చేసిన తేదీలు. మీరు వెతకాల్సినవి నాలుగు. లైసెన్స్ నంబరు, యూఐఎన్ నంబరు, గడువు తేదీ, తుపాకీ వివరాలు. యూఐఎన్ అంటే దేశం మొత్తానికి ఒకే డేటాబేస్‌లో ప్రతి లైసెన్స్‌దారుడికి ఇచ్చే గుర్తింపు సంఖ్య. పాత పుస్తకాల్లో అది లేకపోతే, ముసలాయన ఎన్నేళ్లుగానో ఆన్‌లైన్ ఎక్కించుకోలేదని అర్థం. ఆ సంగతి కూడా కాగితంలో ఉన్నదున్నట్టు రాయండి. తుపాకీ వివరాల్లో ఎస్‌బీబీఎల్ అని ఉంటే సింగిల్ బ్యారెల్, డీబీబీఎల్ అంటే డబుల్ బ్యారెల్. పక్కన తుపాకీ నంబరు ఉంటుంది. ఇనుము మీద చెక్కిన నంబరుతో అది సరిపోవాలి. సరిపోకపోతే స్టేషన్‌కు పోకముందే లాయర్‌ను కలవండి.

పుస్తకంలో ప్రతి పేజీ, ఖాళీ పేజీలతో సహా, రెండు సెట్లు జిరాక్స్ తీయించండి. ఎందుకో కిందికి పోయేకొద్దీ తెలుస్తుంది.

3. ముందు మాట చెప్పి, తర్వాత తుపాకీ కదిలించండి

ఇక్కడే నాకు తెలిసిన ముగ్గురు తడబడ్డారు. నాయన బతికి ఉండగా ఆయన రాతపూర్వకంగా అనుమతిస్తే, రిపేరుకో రెన్యువల్‌కో మీరు ఆ తుపాకీ తీసుకెళ్లొచ్చు. చట్టంలో ఆ వెసులుబాటు ఉంది. ఆయన పోయాక అనుమతి ఇచ్చే మనిషి లేడు కాబట్టి ఆ వెసులుబాటూ లేదు. కాబట్టి దుప్పట్లో చుట్టుకుని బైక్ మీద బయల్దేరొద్దు. దారిలో చెకింగ్ దగ్గర ఆపితే మీరు చెప్పేదంతా నిజమే అయినా, నిజమని తేలేసరికి పొద్దు గూకుతుంది.

ముందుగా స్టేషన్‌కు మీరొక్కరే కాగితాలతో వెళ్లండి. ఎస్‌ఐ గారినో, ఆయన లేకపోతే స్టేషన్ రైటర్‌నో కలిసి, "మా నాయన చనిపోయారు సార్, లైసెన్స్ తుపాకీ ఇంట్లో ఉంది, డిపాజిట్ చేయాలి" అని చెప్పి అర్జీ ఇవ్వండి. ఇంటికి ఒక కానిస్టేబుల్‌ను పంపమని అడగండి. చాలాచోట్ల పంపుతారు. మీరే తెమ్మంటే ఎప్పుడు తెస్తారో ఆ అర్జీ మీదే రాయించుకుని, దాని కాపీ జేబులో పెట్టుకుని, కారులో తూటాలు వేరుగా, తుపాకీ వేరుగా తీసుకెళ్లండి.

అర్జీ పెద్దగా ఉండాల్సిన పని లేదు. నేను రాసింది ఇలా ఉంటుంది:

"స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి నమస్కరించి వ్రాయునది. మా తండ్రి గారు ఫలానా తేదీన చనిపోయినారు. వారి పేరున ఫలానా నంబరు లైసెన్స్ మీద ఒక 12 బోర్ డీబీబీఎల్ తుపాకీ, నంబరు ఫలానా, 9 తూటాలు మా ఇంట్లో ఉన్నవి. వారి మరణంతో వాటిని ఉంచుకొనుటకు మాకు హక్కు లేనందున ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం తమ స్టేషన్‌లో డిపాజిట్ చేయుచున్నాను. వారసునిగా తర్వాతి చర్యల కోసం కలెక్టర్ గారికి వేరుగా దరఖాస్తు చేసుకొనెదను. దయచేసి రశీదు ఇప్పించ ప్రార్థన."

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర వేయించుకోండి.

4. రశీదు విషయంలో మొహమాటం వద్దు

నేను చేసిన తప్పు ఇక్కడ. నేను వెళ్లిన స్టేషన్‌లో రైటర్ మంచివాడే, టీ కూడా ఇప్పించాడు. తెల్లకాగితం మీద "ఒక తుపాకీ ముట్టినది" అని రాసిచ్చాడు. నేను దండం పెట్టి వచ్చేశాను. నాలుగు నెలల తర్వాత అమ్మడానికి పోతే డీలర్ మొదట అడిగింది తూటాల లెక్క. రశీదులో తూటాలు లేవు. తుపాకీ నంబరు కూడా లేదు. ఈలోపు ఆ రైటర్ బదిలీ అయి వెళ్లిపోయాడు. ఆ తొమ్మిది తూటాలు నేను ఇచ్చానని చెప్పడానికి మూడు వారాలు తిరిగాను. చివరికి అర్జీ కాపీ మీద వేయించుకున్న ముద్రే నన్ను కాపాడింది.

కాబట్టి రశీదులో ఇవన్నీ ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదవండి: తుపాకీ రకం, బోర్, నంబరు, తూటాల సంఖ్య, తుపాకీ ఎలా ఉంది (తుప్పు, కట్టె పగులు లాంటివి), జనరల్ డైరీలో (స్టేషన్‌లో రోజూ రాసే రిజిస్టర్) రాసిన నంబరు, తేదీ, సంతకం, స్టేషన్ ముద్ర. పదేళ్ల కిందటి తూటాలు ఉబ్బిపోయి, ఇత్తడి మీద పచ్చ పట్టి ఉంటే అదీ రాయించండి.

స్టేషన్ బదులు డీలర్ దగ్గర పెడితే కొంత ఛార్జి పడుతుంది గానీ తుపాకీకి నూనె పెట్టి చూసుకుంటాడు. స్టేషన్ గదిలో ఏడాది ఉన్న తుపాకీ ఎలా బయటికొస్తుందో ఎలక్షన్లప్పుడు ఇచ్చి తీసుకున్న వాళ్లందరికీ తెలుసు. మా నాయన ప్రతి ఎలక్షన్ తర్వాత దాన్ని ఇంటికి తెచ్చి, అరుగు మీద కూర్చుని, గొణుక్కుంటూ ఒక పూటంతా తుడిచేవాడు. అమ్మే ఉద్దేశం ఉంటే డీలరే మేలని నా లెక్క. అమ్మే ఉద్దేశం లేదు, వదిలించుకుంటే చాలు అనుకుంటే స్టేషన్ చాలు.

5. కలెక్టరేట్‌కు ఏ జిల్లాకు పోవాలి?

లైసెన్స్ ఇచ్చేది కలెక్టర్, అంటే జిల్లా మెజిస్ట్రేట్ హోదాలో. నాయన చనిపోయిన సంగతి, తుపాకీ డిపాజిట్ చేసిన సంగతి ఆ ఆఫీసుకు రాతపూర్వకంగా తెలపాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కదా, ఇక్కడ ఒక చిక్కు. నాయనకు లైసెన్స్ ఇచ్చింది కర్నూలు కలెక్టర్, మీ ఊరు ఇప్పుడు నంద్యాల జిల్లా. లేదా లైసెన్స్ అనంతపురంది, ధర్మవరమో పెనుకొండో ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ముందు ఇప్పటి జిల్లా కలెక్టరేట్‌లో ఆయుధ లైసెన్సులు చూసే మెజిస్టీరియల్ సెక్షన్‌లో అడగండి. ఫైలు ఏ ఆఫీసులో ఉందో వాళ్లే చూసి చెప్తారు. అనుమానంగా ఉంటే రెండు చోట్లా ఒకే అర్జీ స్పీడ్ పోస్టులో పంపండి, ఆ ఖర్చు ఏపాటిది.

ఒరిజినల్ లైసెన్స్ పుస్తకం అప్పగించమంటారు. అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకుని ఇవ్వండి. జిరాక్స్ ఎందుకన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పుస్తకం పోయాక డీలర్‌కు చూపించడానికి మీ దగ్గర మిగిలేది ఆ కాపీలే.

6. ఉంచుకోవాలా, అమ్మాలా, ఇచ్చేయాలా?

ఉంచుకోవాలంటే మీ పేరున కొత్తగా లైసెన్స్ రావాలి. 2016 ఆయుధాల నియమాల్లో వారసులకు లైసెన్స్ ఇవ్వడానికి ప్రత్యేకంగా వీలుంది. మీకు 21 ఏళ్లు నిండాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అభ్యంతరం లేదని రాసివ్వాలి. వైద్య పరీక్ష, తుపాకీ వాడకంలో శిక్షణ సర్టిఫికెట్, పోలీసు విచారణ అన్నీ ఉంటాయి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకీలకు మించి ఉండకూడదు, అంతకుముందు మూడు ఉండేవి. వారసత్వంగా వచ్చినా ఆ లెక్క మారదు. మీకు ఇప్పటికే రెండుంటే మూడోది తీసుకోలేరు. వస్తే లైసెన్స్ ఐదేళ్లకు ఉంటుంది, ఇదివరకు మూడేళ్లే.

మన ప్రాంతంలో చాలామందికి అడ్డం పడేది ఇంకొకటి, బైండోవర్. శాంతి భద్రతల కోసమో, సత్ప్రవర్తన కోసమో బాండ్ రాసిచ్చి ఉంటే ఆ బాండ్ కాలం తీరేదాకా లైసెన్స్ ఇవ్వరు. హింసకు సంబంధించిన కేసులో శిక్ష పడి ఉంటే, శిక్ష పూర్తయ్యాక ఐదేళ్ల దాకా ఇవ్వరు. ఫ్యాక్షన్ ఊళ్లలో ఎప్పుడో ఎలక్షన్లప్పుడు పేరు రాసుకుని సంతకం పెట్టించిన కాగితం కూడా ఇక్కడ బయటపడుతుంది. "నాకేం కేసులు లేవు" అని రాసే ముందు స్టేషన్‌లో ఒకసారి కనుక్కోండి. తప్పు రాస్తే అది ఇంకో తలనొప్పి. లైసెన్స్ ఇవ్వడం కుదరదంటే కారణం రాతపూర్వకంగా అడగొచ్చు, ఆలస్యం చేయకుండా అప్పీల్‌కు పోవచ్చు.

పొలం కాపలాకే అయితే ఒక మాట. పంట కాపాడుకోవడానికి మందు కూరే తుపాకీకి, రక్షణకు 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న మామూలు తుపాకీకి లైసెన్స్ అడిగేవాళ్లను చట్టం వేరుగా చూస్తుంది. పిస్టల్ కావాలన్నవాడు చూపించాల్సినంత కారణం వీళ్లు చూపించక్కర్లేదు. నల్లమల అంచున అడవిపందులతో పడేవాళ్లకు ఇది తెలిసి ఉండాలి. అయితే పందిని కాల్చడానికి ఆ లైసెన్స్ చాలదు, అది వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధి.

అమ్మాలంటే డీలర్‌కు అమ్మడం తేలిక. లైసెన్స్ ఉన్న వేరే మనిషికి అమ్మాలంటే ఎవరికి అమ్ముతున్నారో పేరు, చిరునామాతో కలెక్టర్‌కో స్టేషన్‌కో ముందుగా రాసిచ్చి, 45 రోజులు ఆగాలి. ఆ 45 రోజుల్లో అడ్వాన్స్ తీసుకుని తుపాకీ చేతికివ్వడం లాంటివి చేయొద్దు, అవతలివాడు ఎంత దగ్గరి చుట్టమైనా సరే. ధర విషయంలో ఆశలు పెట్టుకోకండి. నాయన దాన్ని కొన్నప్పుడు రెండు ఎద్దుల ఖరీదు అని చెప్పేవాడు. నాకు వచ్చింది ఒక ఎద్దు ముకుతాడుకు సరిపోయేంత.

ఇచ్చేయాలనుకుంటే స్టేషన్‌లో డిపాజిట్ చేసి, "మాకు అక్కర్లేదు, ప్రభుత్వానికి అప్పగిస్తున్నాం" అని వారసులందరూ సంతకం పెట్టి కలెక్టర్‌కు రాయండి. ఏమీ రాయకుండా వదిలేసినా, నిర్ణయించిన గడువు దాటాక అది కలెక్టర్ ఆర్డరుతో ప్రభుత్వపరం అవుతుంది. కానీ నోటీసులు పాత చిరునామాకు పోయి, మీరు పట్టించుకోలేదని ఫైల్లో మిగులుతుంది. రాసివ్వడమే శుభ్రం. నన్నడిగితే, ఊళ్లో కాపురం లేనివాడికి తుపాకీ ఎందుకు? ఐదేళ్లకోసారి రెన్యువల్, ఎలక్షన్ వచ్చిన ప్రతిసారీ డిపాజిట్ కోసం సెలవు పెట్టి పరుగు. నేను అమ్మేశాను.

నాయన ఇంకా బతికే ఉంటే

ఈ గొడవంతా తప్పించుకునే వీలుంది. లైసెన్స్‌దారుడికి 70 ఏళ్లు వచ్చినా, లేదా తుపాకీ కొని 25 ఏళ్లు అయినా, ఏది ముందైతే అది, ఆయన బతికుండగానే తన వారసుల్లో ఒకరి పేరు చెప్పి వాళ్లకు లైసెన్స్ ఇవ్వమని అడగొచ్చు. పండక్కి ఊరికి పోయినప్పుడు పక్కన కూర్చుని అడగండి. "నువ్వు పోతే" అని మొదలుపెట్టొద్దు, కొడతాడు. "ఎలక్షన్లప్పుడు స్టేషన్ చుట్టూ నువ్వెందుకు తిరగాల, నేను తిరుగుతాలే" అంటే వింటాడు.

కాగితం లేని తుపాకీ, మట్టిలో దొరికిన బాంబు

పాత మిద్దె పడగొడుతుంటే దూలాల మధ్య లైసెన్స్ లేని నాటు తుపాకీ దొరికిందనుకోండి. ఇది పై కథ కాదు. 21వ సెక్షన్ ఒకప్పుడు సక్రమంగా ఉండి తర్వాత హక్కు పోయిన వాటి గురించి. మొదటి నుంచీ కాగితం లేనిదానికి ఆ నీడ ఉంటుందని నమ్ముకోవద్దు. అక్కడే ఉంచి, అదే రోజు క్రిమినల్ కేసులు చూసే లాయర్‌ను వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్లి, ఎలా దొరికిందో రాసివ్వండి. పని చేసిన మేస్త్రీని, కూలీలను సాక్షులుగా చూపించండి. బావిలో పారేయడం, పొలంలో పూడ్చడం, పక్కింటివాడికి అప్పగించడం మాత్రం వద్దు.

నాటు బాంబు అయితే లాయర్ కూడా తర్వాతే. పునాదులు తీసేటప్పుడు, వాగు గట్టున, పాత గడ్డివాము కింద, బకెట్‌లోనో మట్టికుండలోనో పురికొస చుట్టిన ఉండలు కనబడితే అవి బంతులు కావు. ఎండి ఉన్నా, తడిసి ఉన్నా ముట్టుకోవద్దు. నీళ్లు పోయొద్దు. పారతో పక్కకు నెట్టొద్దు. పిల్లల్ని, గొడ్లను దూరంగా తోలి, ఫోన్ పట్టుకుని మీరూ దూరం వచ్చాక 112కు ఫోన్ చేయండి. ఊరు, సర్వే నంబరు లేదా గుర్తు పట్టే చెట్టో గుడో చెప్పి, పోలీసులు వచ్చేదాకా దారి దగ్గర నిలబడండి. పేలుడు పదార్థాల చట్టం 1908 నాటిది, దాని కింద అనుమానాస్పదంగా బాంబు ఉంచుకుంటే పదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. కాబట్టి "రేపు చెబుదాంలే" అని గుడ్డ కప్పి ఇంటికి పోకండి. ఫోన్ చేసిన టైం మీ కాల్ లిస్టులో ఉంటుంది, దాన్ని చెరపకండి.

ఇక రశీదులు. తుపాకీ అమ్మేసినా, ఇచ్చేసినా, స్టేషన్ రశీదు, డీలర్ బిల్లు, కలెక్టరేట్ అక్నాలెడ్జ్‌మెంట్ మూడూ ఒకే కవర్లో పెట్టి దాచండి. పదేళ్ల తర్వాత కూడా కొత్తగా వచ్చిన ఎస్‌ఐ పాత లిస్టు పట్టుకుని, "మీ నాయన పేరు మీద తుపాకీ ఒకటుంది, ఎలక్షన్లు వస్తున్నాయి, తెచ్చి డిపాజిట్ చేయండి" అని ఫోన్ చేస్తాడు. మాకు ఇప్పటికి రెండుసార్లు వచ్చింది. అమ్మ ఆ కవరు బీరువాలో, అదే పట్టుచీరల కింద పెట్టింది.